ప్రపంచంలో ఎక్కడ ఏ అంటువ్యాధి ప్రబలుతోందో వారంవారం చూసుకోవడం ఎలా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి

ముత్తుకూరు_హెల్త్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కృష్ణపట్నం రేవు దగ్గర్లోని పీహెచ్‌సీ. ఓడల పని మీద వచ్చిపోయేవాళ్ళు, కువైట్, సౌదీ, దుబాయ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్ళు, పొదలకూరు వైపు కోళ్ళ షెడ్లలో పనికి పోయేవాళ్ళు, అందరూ మా ఓపీకే వస్తారు. ప్రతి సోమవారం ఏఎన్‌ఎంలకీ ఆశాలకీ తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వాలని అనుకుంటా ఉన్నాం. ఈ వారం ఏ దేశంలో ఏ జబ్బు ఉంది, ఆ దేశం నుంచి వచ్చిన మనిషికి జ్వరం ఉంటే ఏమి అడగాలి, ఎవరికి ఫోన్ చేయాలి. అంతే.

సమాచారం దొరక్క కాదు, మరీ ఎక్కువై చిక్కు వస్తా ఉంది. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ (జలుబు, దగ్గు తెచ్చే శ్వాసకోశ వైరస్) మీద వచ్చిన మెసేజ్‌లలో ఏది నమ్మాలో, ఏది వదిలేయాలో సిబ్బందికి తెలియలేదు. అందుకని అడుగుతున్నా:

ఏయే చోట్ల చూడాలి, ఏ వరసలో చూడాలి? ఒకే జబ్బుకి ఒక్కో చోట ఒక్కో అంకె ఉంటే ఏది రాయాలి? మన జిల్లా లెక్కల్ని వాటి పక్కన పెట్టొచ్చా? పక్షుల జబ్బులు కూడా కలపాలా?

---

ఒంగోలు_సర్వెలెన్స్

మంచి పని పెట్టుకున్నారండీ. ఎక్కడ చూడాలి అన్నదానికంటే ముందు, చదివే ప్రతి వార్తకీ మూడు తేదీలు విడివిడిగా రాసుకునే అలవాటు చేసుకోండి. మొదటి మనిషికి జబ్బు మొదలైన తేదీ, ఆ సంగతి అధికారులకి చేరిన తేదీ, అది ప్రకటించిన తేదీ. ఈ మూడింటి మధ్య ఒక్కోసారి నెల తేడా ఉంటుంది. ఒక్క తేదీ మాత్రమే రాసుకుంటే పాత కేసుల్ని కొత్తవని సిబ్బందికి చెప్పేస్తాం.

కోవిడ్‌నే తీసుకోండి. 2019 డిసెంబర్ 30న ప్రోమెడ్‌లో (జబ్బుల వార్తల్ని నిపుణులు చూసి పెట్టే ఆన్‌లైన్ వేదిక) వూహాన్ న్యుమోనియా సంగతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి అవుట్‌బ్రేక్ ప్రకటన 2020 జనవరి 5న వెలువడింది. జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, అదే రోజు కేరళలో దేశపు మొదటి కేసు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు మార్చి 12న, మన నెల్లూరులోనే. ఆ యువకుడు వచ్చింది ఇటలీ నుంచి, చైనా నుంచి కాదు. అంటే చైనా పేరు మాత్రమే ఉన్న జాబితాతో ఆ కేసు పట్టుబడేది కాదు. జబ్బు పుట్టిన దేశంతో పాటు అది చేరిన దేశాలనీ, వాటిలో మన మండలానికి రాకపోకలున్న వాటినీ కలిపి చూడాలి. మీకైతే గల్ఫ్ దేశాలు, ఓడలు తాకి వచ్చే రేవులు ముందు వరసలో ఉండాలి.

ఇక వరస. మొదట ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ డిసీజ్ అవుట్‌బ్రేక్ న్యూస్. 1996 నుంచి వస్తోంది. దీనికి వారం అంటూ లేదు, సంఘటన ఉన్నప్పుడే వస్తుంది. ఇందులో ఉన్నది నిర్ధారించినది కాబట్టి పేజీలో ధైర్యంగా పెట్టొచ్చు. ఆలస్యం మాత్రం ఖాయం. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు (2005లో ఆమోదం, 2007 జూన్ 15 నుంచి అమలు) ప్రకారం సంఘటన తెలిశాక దేశం 48 గంటల్లో అంచనా వేయాలి, అది తెలియజేయాల్సినదే అని తేలితే 24 గంటల్లో సంస్థకి చెప్పాలి. అంచనాకి నాలుగు ప్రశ్నలుంటాయి: ప్రజారోగ్యానికి దెబ్బ తీవ్రమా, ఇది మామూలుగా జరగనిదా, సరిహద్దు దాటే ప్రమాదం ఉందా, ప్రయాణాలూ వ్యాపారమూ ఆగే ప్రమాదం ఉందా. రెండింటికి అవునని జవాబొస్తే చెప్పి తీరాలి. మశూచి, వైల్డ్ పోలియో, మనుషుల్లో కొత్త రకం ఫ్లూ, సార్స్ మాత్రం ఒక్క కేసైనా చెప్పాల్సిందే. ఇంత గట్టి గడువున్నా వార్త ఆలస్యంగా ఎందుకొస్తుందంటే, ఆ గడియారం మొదలయ్యేదే జబ్బు సంగతి తెలిశాక. రోగి జ్వరంతో రెండు మూడు ఆస్పత్రులు తిరిగి, శాంపిల్ ల్యాబ్‌కి చేరి, ఫలితం వచ్చే దాకా పోయే రోజులు ఆ లెక్కలోకి రావు.

రెండోది యూరప్ వ్యాధి నియంత్రణ కేంద్రం, ఈసీడీసీ, శుక్రవారం వేసే వారపు నివేదిక. పేరుకి యూరప్ అయినా మెర్స్ (ఒంటెల నుంచి మనుషులకి సోకే శ్వాసకోశ జబ్బు), కలరా, డెంగీ, చికున్‌గున్యా ప్రపంచ లెక్కలు ఇందులో వస్తుంటాయి. సోమవారం పేజీకి ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఆఫ్రికాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా కార్యాలయం వారపు బులెటిన్ చూడండి.

మూడోది ప్రోమెడ్. 1994 నుంచి ఉంది. అందరికంటే ముందు వాసన పట్టేది ఇదే, కానీ నిర్ధారణ కాని సంగతులు కూడా ఉంటాయి. శీర్షికలో ఆర్‌ఎఫ్‌ఐ అని ఉంటే "వివరం తెలిసినవాళ్ళు చెప్పండి" అని అర్థం, వాటిని పేజీలో పెట్టకండి, మీ రిజిస్టర్‌లో మాత్రం రాసుకోండి. ప్రతి పోస్ట్ కింద మోడరేటర్ రాసే వ్యాఖ్య తప్పకుండా చదవండి, అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంటుంది. హెల్త్‌మ్యాప్ లాంటివి వార్తల్ని యంత్రం చేత ఏరిస్తాయి. ఒకే సంఘటన మీద పది వార్తలొస్తే మ్యాప్ మీద పది చుక్కలు పడొచ్చు, చుక్కలు లెక్కపెట్టి కేసులనుకోకూడదు.

పుకారుకీ సంఘటనకీ మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి ఒకటి. 2024 చివర్లో కాంగోలోని పాంజీ ప్రాంతంలో "అంతుచిక్కని జబ్బు" అని ప్రపంచమంతా మోగింది. అక్టోబర్ 24 నుంచి డిసెంబర్ 5 వరకు 406 కేసులు, 31 మరణాలు. మొదట పరీక్షించిన 12 శాంపిళ్ళలో 10 మలేరియా. చివరికి తేలింది శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు, వాటి మీద మలేరియా, పోషకాహార లోపం. అలాంటి వార్త మొదటి వారంలో మీ పేజీలో రావాల్సి వస్తే "కారణం ఇంకా తేలలేదు, ఫలానా తేదీ నాటి సమాచారం" అని రాయండి. జబ్బుకి మనమే పేరు పెట్టకూడదు.

---

డేటా_చీమకుర్తి

రెండో, మూడో ప్రశ్నలకి నా జవాబు.

అంకెల తేడాకి సగం కారణం నిర్వచనాలు. అనుమానిత (లక్షణాలు మాత్రమే ఉన్నవి), సంభావ్య (లక్షణాలకి తోడు గట్టి ఆధారం ఉన్నవి), నిర్ధారిత (ల్యాబ్‌లో తేలినవి) అని మూడు రకాల కేసులుంటాయి. ఒక పత్రిక మూడూ కలిపేస్తుంది, ఇంకోటి నిర్ధారితమే వేస్తుంది. మీ షీట్‌లో ఈ మూడింటికీ మూడు నిలువు వరసలు పెట్టండి. వాటితో పాటు జబ్బు, దేశం, ఆ దేశంలో జిల్లా లేదా రాష్ట్రం, మరణాలు, పైన సార్ చెప్పిన మూడు తేదీలు, "ఏ తేదీ వరకు ఉన్న లెక్క", ఎక్కడ చదివారు. కొత్త నివేదిక వచ్చినప్పుడు పాత అంకె మీద దిద్దకండి, కింద కొత్త వరస రాయండి. మొత్తం కేసులు వారం తిరిగేసరికి తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. అనుమానిత కేసుల్లో నెగటివ్ వచ్చినవాటిని తీసేస్తే మొత్తం తగ్గుతుంది. పాత వరసలు ఉంచుకుంటేనే అది కనిపెట్టగలరు.

అలాగే ఒక్కరోజులో కేసులు మూడింతలైతే జబ్బు మూడింతలైందని కాదు. ల్యాబ్‌లో పేరుకున్న శాంపిళ్ళ ఫలితాలు ఒకేసారి విడుదలైనా అలాగే ఉంటుంది. జబ్బు మొదలైన తేదీల వారీగా గీసిన గ్రాఫ్ దొరికితే దాన్నే నమ్మండి, ప్రకటించిన తేదీల గ్రాఫ్‌ని కాదు. మొదలైన తేదీల గ్రాఫ్‌లో కూడా చివరి ఒకటి రెండు వారాలు ఎప్పుడూ కిందికి దిగినట్టే ఉంటాయి, ఎందుకంటే ఆ వారాల్లో జబ్బుపడ్డవాళ్ళు ఇంకా లెక్కలోకి చేరలేదు. "తగ్గుముఖం పట్టింది" అని వార్తలు తొందరపడేది అక్కడే.

మరణాల శాతం రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఉదాహరణకి 100 కేసులు, 10 మరణాలు, 60 మంది కోలుకున్నారు, 30 మంది ఇంకా ఆస్పత్రిలో ఉన్నారు అనుకోండి. 100 మీద లెక్కేస్తే 10 శాతం. ఫలితం తేలిన 70 మంది మీద లెక్కేస్తే 14 శాతం పైన. రెండూ తప్పు కావు గానీ జబ్బు ఇంకా నడుస్తున్నప్పుడు మొదటిది తక్కువ చేసి చూపిస్తుంది. ఇంకోవైపు స్వల్ప లక్షణాలవాళ్ళకి పరీక్షలే చేయకపోతే శాతం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. అందుకని ఆశాలకిచ్చే పేజీలో శాతం వద్దు, కేసులూ మరణాలూ రెండు అంకెలుగానే రాయండి.

వారం నంబర్ల దగ్గర చాలామంది పడిపోతారు. మన ఐడీఎస్‌పీ (దేశంలో జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర కార్యక్రమం), ప్రపంచ ఆరోగ్య సంస్థ సోమవారం నుంచి ఆదివారం లెక్క. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీది ఆదివారం నుంచి శనివారం. మామూలు ఏడాదిలో తేడా ఒక్కరోజే. 2026లో మాత్రం జనవరి 1 గురువారం పడింది. దాంతో సోమవారం లెక్కలో మొదటి వారం 2025 డిసెంబర్ 29 నుంచి జనవరి 4 వరకు, అమెరికా లెక్కలో మొదటి వారం జనవరి 4 నుంచి 10 వరకు. అంటే ఏడాది పొడుగునా వారం నంబరు ఒకటి తేడా. "10వ వారం" అని రెండు చోట్ల చూసి పక్కపక్కన పెడితే వేరు వేరు రోజుల్ని పోల్చినట్టే. వారం నంబరు వదిలేసి వారం ముగిసిన తేదీ రాసుకోండి. షీట్‌లో తేదీ గడికి 7 కలిపి, అందులోంచి వీక్‌డే ఫంక్షన్ (రెండో విలువ 2 ఇవ్వాలి) తీసేస్తే ఆ వారపు ఆదివారం వస్తుంది.

మన లెక్కలకి ఐడీఎస్‌పీ వారపు అవుట్‌బ్రేక్ నివేదిక ఉంది. ప్రతి సంఘటనకీ రాష్ట్రం, జిల్లా, ఏడాది, వారం, వరస సంఖ్య కలిపిన గుర్తింపు సంఖ్య, మొదలైన తేదీ, తెలిపిన తేదీ, కేసులు, మరణాలు, తీసుకున్న చర్యలు ఉంటాయి. చివర్లో "గత వారాలవి, ఇప్పుడు అందినవి" అని విడిగా ఒక పట్టిక ఉంటుంది, దాన్ని చూడకుండా లెక్క వేస్తే మన జిల్లావి తప్పిపోతాయి. నివేదిక వెబ్‌సైట్‌లోకి వచ్చేసరికి బాగా ఆలస్యమవుతుంది కాబట్టి హెచ్చరికగా కాదు, గతం చూసుకోవడానికే అది.

ఇంకోటి, పాత ఏడాదులతో పోల్చేటప్పుడు జిల్లా హద్దులు చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి, సూళ్ళూరుపేట, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్లలోకి పోయాయి. ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి. 2021లో నెల్లూరు జిల్లా డెంగీ అంకెనీ 2023 అంకెనీ నేరుగా పోలిస్తే మీరు చూస్తున్నది వేరు వేరు మండలాల్ని. పోల్చాల్సి వస్తే మండలాల వారీగా కూడుకోండి.

---

పశువైద్యం_ఆత్మకూరు

నాలుగో ప్రశ్నకి: తప్పకుండా కలపాలి. 2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ మన జిల్లాలోనే, పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో తేలింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ వైరస్) తో చనిపోయింది. కోళ్ళ వార్తకీ మనుషుల పేజీకీ మధ్య గోడ కడితే మనకే నష్టం.

ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నడిపే వాహిస్ అనే డేటాబేస్‌లో దేశాలు పంపే నివేదికలు ఎవరైనా చూడొచ్చు. మొదటిది తక్షణ నివేదిక, తర్వాత వారంవారం తాజా సమాచారం, చివర్న ముగింపు నివేదిక. ఒక్కో సంఘటనకీ ఎన్ని పక్షులున్నాయి, ఎన్నిటికి సోకింది, ఎన్ని చచ్చాయి, ఎన్నిటిని చంపి పూడ్చారు అని విడివిడిగా ఉంటుంది. చంపినవాటిని చచ్చినవాటితో కలిపి "లక్ష కోళ్ళు వైరస్‌తో మృతి" అని వార్తలొస్తా ఉంటాయి. ఆ రెండు గడులు చూసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

మన దగ్గర శాంపిళ్ళు నిర్ధారణకి భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థకి పోతాయి. నిర్ధారణ అయితే కిలోమీటరు లోపల పక్షుల్ని చంపుతారు, 10 కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. మీ ఏఎన్‌ఎంలకి పనికొచ్చేది ఇక్కడే: ఆ 10 కిలోమీటర్లలో మీ ఊళ్ళు ఏవేవో ముందే రాసి పెట్టుకోండి. కోళ్ళు పట్టేవాళ్ళు, షెడ్డు ఊడ్చేవాళ్ళు, లిట్టర్ (షెడ్డులోని కోళ్ళ ఎరువు) ఎత్తే లారీవాళ్ళు, కోసే షాపులవాళ్ళు, వీళ్ళ జాబితా ఉండాలి. చివరిసారి తగిలిన రోజు నుంచి కనీసం 10 రోజులు రోజూ జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం అడగాలి. కళ్ళ సంగతి అడగడం మరిచిపోతా ఉంటారు. హెచ్5 సోకిన మనుషుల్లో కళ్ళకలక ఒక్కటే లక్షణంగా కనిపించిన సందర్భాలున్నాయి.

షెడ్డులో ఒక్కసారిగా కోళ్ళు చచ్చిపోతే రాణిఖేత్ (కోళ్ళకొచ్చే ఇంకో వైరస్ జబ్బు) కూడా కావచ్చు, చూసి చెప్పడం కుదరదు. పరీక్ష ఫలితం వచ్చే దాకా పేజీలో "కోళ్ళ మరణాలు, కారణం తేలాల్సి ఉంది" అని మాత్రమే పెట్టండి.

---

ముత్తుకూరు_హెల్త్

మీ అందరికీ చాలా థ్యాంక్స్. సార్, ఇంకొకటి. దేశాల జాబితా తయారైనా ఆశా వర్కర్ ఇంటి గుమ్మంలో నిలబడి ఏమి అడగాలి? పది దేశాలు, పది జబ్బులు గుర్తుపెట్టుకోమంటే కుదరదు కదా.

---

గూడూరు_మైక్రో

గుర్తుపెట్టుకోనక్కర్లేదమ్మా. మూడే ప్రశ్నలు: ఏ ఊరు నుంచి వచ్చావు (మధ్యలో దిగిన చోట్లు కూడా), ఏ తేదీన వచ్చావు, జ్వరం ఏ తేదీన మొదలైంది. మిగతాది మీరు పీహెచ్‌సీలో పొదిగే కాలంతో (సోకిన రోజు నుంచి లక్షణాలు మొదలయ్యే దాకా పట్టే రోజులు) సరిచూసుకోవచ్చు. మెర్స్‌కి 2 నుంచి 14 రోజులు. నిపాకి సాధారణంగా 4 నుంచి 14. ఎబోలా, మార్‌బర్గ్‌కి 2 నుంచి 21. ఎల్లో ఫీవర్‌కి 3 నుంచి 6. మనిషి వచ్చి నెల దాటాక జ్వరం మొదలైతే వీటిలో ఏదీ దాదాపు కాదు. అప్పుడు మన డెంగీ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్ వైపే చూడాలి.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకి అదనంగా రెండు అడగండి: ఒంటెల దగ్గర పనిచేశావా, అక్కడ ఆస్పత్రిలో ఉన్నావా, లేక ఆస్పత్రిలో ఎవరినైనా చూడటానికి పోయావా. రెండోది మొదటిదానంత ముఖ్యం. 2015లో దక్షిణ కొరియాలో మధ్యప్రాచ్యం నుంచి తిరిగొచ్చిన ఒక్క మనిషితో మొదలై 186 మందికి మెర్స్ సోకింది, 38 మంది చనిపోయారు. జబ్బు ఏదో తేలకముందే ఆయన చాలా ఆస్పత్రులు తిరిగారు. ప్రయాణం సంగతి మొదటి ఓపీలోనే పట్టుకోవడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆఫ్రికా రేవుల నుంచి వచ్చిన నావికులకి జ్వరమంటే వార్తల్లో ఏ జబ్బు మోగుతున్నా సరే, మలేరియా పరీక్ష ఆగకూడదు. ఫాల్సిపేరమ్ రకం మలేరియా ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క నెగటివ్‌తో వదిలేయొద్దు, 12 నుంచి 24 గంటల ఎడంతో మూడుసార్లు చూడాలి. ర్యాపిడ్ కిట్ ఒక్కదాన్నే నమ్మకుండా, మైక్రోస్కోప్‌లో చూసే రక్తపు స్లైడ్ కూడా తీయించండి. ఎరిట్రియా, ఇథియోపియా వైపు పరాన్నజీవుల్లో కిట్ పట్టుకునే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్ లేని రకాలున్నాయి, జబ్బు ఉన్నా గీత పడదు. ఎబోలా, మార్‌బర్గ్ అనుమానం కూడా ఉంటే మాత్రం మీరు రక్తం తీయకండి, మనిషిని విడిగా ఉంచి, పైవాళ్ళు చెప్పిన చోట జాగ్రత్తలతో తీయాలి.

ఎల్లో ఫీవర్ దేశాల నుంచి వస్తే టీకా కార్డు అడగండి. టీకా వేసిన 10 రోజుల తర్వాతి నుంచే అది చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం చెల్లుతుంది (2016 జూలై 11 నుంచి ఈ నియమం). కార్డు మీద "పదేళ్ళు" అని పాత ముద్ర ఉన్నా తిప్పి పంపొద్దు. ఆ వైరస్ మన దేశంలో లేదు, కానీ మోసే దోమ, డెంగీ దోమే, మన ఇళ్ళ తొట్లలో ఉంది. అందుకే ఆ కార్డు మీద అంత పట్టు.

మెర్స్ అనుమానం వస్తే: మాస్క్ పెట్టి గాలి వెలుతురు ఉన్న విడి గదిలో కూర్చోబెట్టండి, నెబ్యులైజర్ పెట్టొద్దు, జిల్లా సర్వెలెన్స్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. శాంపిల్ పీహెచ్‌సీలో తీయకండి. తీసే చోట గొంతు శ్వాబ్‌తో పాటు కఫం కూడా తీయమని చెప్పండి, మెర్స్‌లో ఊపిరితిత్తుల లోపలి శాంపిల్‌లోనే వైరస్ బాగా దొరుకుతుంది, గొంతు శ్వాబ్ ఒక్కటే నెగటివ్ వస్తే కొట్టిపారేయలేం. శాంపిల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మూడు పొరల ప్యాకింగ్‌లో పోవాలి. ఐస్ ప్యాక్ కరిగి లేబుల్ చెరిగిపోవడం మామూలుగా జరిగే నష్టం. పేరు పెన్సిల్‌తో గానీ చెరగని మార్కర్‌తో గానీ రాసి, ఫారాన్ని విడి కవర్లో బయటి పొరలో పెట్టండి.

---

ఒంగోలు_సర్వెలెన్స్

పైన అందరూ చెప్పింది ఒక పేజీలో పట్టాలంటే ఇలా చేయండి. పైన "ఫలానా ఆదివారం వరకు ఉన్న సమాచారం" అని తేదీ. దాని కింద కొత్తవి, ముదురుతున్నవి మాత్రమే, అయిదుకి మించకుండా. ఒక్కోదానికి రెండే వాక్యాలు. నమూనాకి:

"ఫలానా దేశం, ఫలానా నగరం: మెర్స్. నిర్ధారిత కేసులు ఇన్ని, మరణాలు ఇన్ని, ఫలానా తేదీ వరకు. అక్కడి నుంచి 14 రోజుల్లోపు వచ్చి జ్వరం, దగ్గు ఉన్నవారు కనిపిస్తే మాస్క్ ఇచ్చి, వెంటనే పీహెచ్‌సీకి ఫోన్."

ముగిసిన సంఘటనని ఎప్పుడు తీసేయాలో కూడా నియమం పెట్టుకోండి. ఎబోలా, మార్‌బర్గ్‌కి చివరి రోగి నెగటివ్ అయ్యాకో, చనిపోతే సురక్షితంగా ఖననం అయ్యాకో 42 రోజులు లెక్కపెడతారు, అంటే 21 రోజుల పొదిగే కాలానికి రెట్టింపు. రువాండాలో మార్‌బర్గ్ 2024 సెప్టెంబర్ 27న ప్రకటించి డిసెంబర్ 20న ముగిసిందన్నారు. 66 కేసులు, 15 మరణాలు. కేసులు ఆగిపోయాయని నవంబర్‌లోనే పేజీలోంచి తీసేసి ఉంటే తప్పయ్యేది.

మీ దగ్గర్నుంచి పైకి వెళ్ళే దారి కూడా అదే పేజీ అడుగున ఉండాలి. ఏఎన్‌ఎం చూసిన లక్షణాలు ఐహెచ్‌ఐపీలో (జబ్బుల వివరాలు నింపే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) ఎస్ ఫారంలో, డాక్టర్ అనుమానం పి ఫారంలో, ల్యాబ్ ఫలితం ఎల్ ఫారంలో పడతాయి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి అర్థంకాని జ్వరం, లేదా కోళ్ళ పనివాళ్ళలో దగ్గు లాంటివి ఏ గడిలోనూ సరిగా ఇమడవు. వాటిని ఫారం కోసం ఆపకుండా ఈవెంట్ అలర్ట్‌గా పెట్టి ఫోన్ కూడా చేయండి. పేరు తెలియని జబ్బుకి దగ్గర్లో ఉన్న పేరు పెట్టి నింపితే అది ఆ లెక్కలో కలిసిపోతుంది, పైన కూర్చున్నవాళ్ళకి తేడా కనపడదు.

ఆదివారం సాయంత్రం గంటసేపు కూర్చుంటే ఇదంతా అయిపోతుంది. శుక్రవారం ఈసీడీసీ నివేదిక, ఆ వారం వచ్చిన డిసీజ్ అవుట్‌బ్రేక్ న్యూస్, తర్వాత ప్రోమెడ్‌లో మీ దేశాల పేర్లతో వెతుకులాట, చివర వాహిస్. మొదటి నెల పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, రోగుల పేర్లూ ఊళ్ళూ లేకుండా. వాక్యాలు సరిచూసి పంపుతాం.